సముద్రంలో ఎర్రచుక్క

శుక్రవారం పొద్దున ఆరు గంటలకు సౌజన్య టీ గిన్నెలోకి అల్లం దంచి వేస్తూ ఉంటుంది. సరిగ్గా అదే నిమిషానికి, ఆమె వేలు కూడా కదపకుండానే, గురువారం మధ్యాహ్నం రాసి దాచుకున్న కబురు బ్లాగులోకి ఎక్కి కూర్చుంటుంది. ముందురోజే టైము పెట్టి ఉంచితే చాలు. ఆరు కాగానే కిటికీలో ఫోను గుర్రుమంటుంది, పొయ్యి మీద టీ పొంగుతుంది. రెండూ ఒక్కసారే జరిగాయా, ఇక ఆ రోజంతా ఆమెకు పండగే.

బ్లాగు పేరు "పులుసుముక్క". బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు మొదలుపెట్టింది. అప్పట్లో చదివేవాళ్ళు నలభై మంది, అందులో పాతికమంది ఆమె క్లాసువాళ్ళే. పెళ్ళయి రేపల్లె వచ్చాక ఈ మూడు నెలల్లోనే ఆరు వందలు దాటారు. కొత్త కాపురం చేయి మంచిదని ఆమె నమ్మకం. అలవాట్లు కూడా కుదిరాయి మరి. రోజుకు ఇరవై వరుసలు, బాగున్నా బాగోకపోయినా. పేరు పెట్టడం అన్నిటికన్నా చివర. ఫొటోలు సాయంత్రం నాలుగింటికి వంటింటి గుమ్మంలో, ఎండ వాలినప్పుడు. రాసింది ఒకసారి పైకి చదవాలి, వినేవాడు మధ్యలో ఆవలిస్తే ఆ ముక్క కొట్టెయ్యాలి. వినేవాడు బ్రహ్మాజీ, ఆమె మొగుడు. మేనరికం కాకపోయినా "బావా" అనే పిలుస్తుంది. అతను ఆవలింత వస్తే నోరు మూసుకుని ముక్కుతో ఆవలిస్తాడు. ఆ సంగతి ఆమె ఎప్పుడో కనిపెట్టింది కానీ, ఆ ప్రయత్నం ముద్దొచ్చి చెప్పలేదు.

అత్తగారు రత్తాలుకు రాత రాదు. అయినా బ్లాగులో సగం ఆమెదే. చేపలు తోముతూ ఆవిడ చెబుతుంటే, పక్కన పిండిడబ్బాకు ఆనించిన ఫోను ఆ మాటల్ని దానంతటదే అక్షరాల్లో పెడుతుంది. మొదటిరోజు తీసి చూస్తే రెండు పేజీలు, ఎక్కడా ఒక్క చుక్క లేదు.

"అత్తయ్యా, మధ్యలో కాస్త ఆగి చెప్పండి. ఎక్కడ ఆపాలో దీనికి తెలీడం లేదు."

"నీ మావకే తెలీలేదు ముప్పై ఏళ్ళనించీ, దానికేం తెలుస్తది?" అంది రత్తాలు.

మావగారు గంగాధరరావు మాట్లాడటం తక్కువ. ఇంజను పడవ ఒకటి ఉంది ఆయనకు, రేవులో కట్టి ఉంటుంది. తండ్రీకొడుకులిద్దరే తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నానికి వచ్చేస్తారు. కాపురానికి వచ్చిన మొదటి వారంలో ఒకరోజు ఆయన గుమ్మంలో నిలబడి, "రేపు మేనత్తగారింటికి ఎళ్ళొస్తాం" అన్నాడు. పాపం, సౌజన్య కొత్త కోడలు. చుట్టాలింటికి వట్టి చేతులతో ఎలా పంపుతుంది? కొల్లూరు లంకల నుంచి వచ్చిన చక్కెరకేళీలు అరడజను, ఒక మూర మల్లెపూలు సంచిలో పెట్టి ఇచ్చింది. మధ్యాహ్నం సంచి తిరిగొచ్చింది. అరటిపళ్ళు లేవు. పూలు మాత్రం ఉప్పునీళ్ళకు తడిసి అలాగే ఉన్నాయి.

"మేనత్తగారు పూలు పెట్టుకోరా?" అని ఆమె అడిగేసరికి బ్రహ్మాజీ నవ్వు ఆపుకోలేక మంచం పట్టుకుని కూలబడ్డాడు.

ఆ మేనత్త ఇల్లు సముద్రంలో ఉంది. బ్రహ్మాజీ తాత సుందరయ్య పడవ ఒక తుపానులో మునిగింది. మనుషులు బతికారు, పడవ అడుగునే ఉండిపోయింది. కొన్నేళ్ళకు ఆ చెక్కల చుట్టూ చేపలు కాపురం పెట్టాయి. ఎప్పుడు వెళ్ళినా వట్టి చేతులతో పంపని ఇల్లు మేనత్తదే కదా అని తాతే ఆ పేరు పెట్టాడట. ఒడ్డున మూడు తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే చెట్టులా కనపడాలి, లైట్‌హౌసు కుడి భుజం మీదికి రావాలి. అదీ గుర్తు. తండ్రి కొడుకుకు పడవలో వేలితో చూపిస్తాడు, నోటితో చెప్పడు. ఇంట్లో ఆడవాళ్ళకు అసలే చెప్పరు. రేవులో అందరి దగ్గరా దారి చూపే మిషన్లున్నాయి, గంగాధరరావు మాత్రం ఆ చోటును ఎందులోనూ ఎక్కించనివ్వలేదు. "మిషన్లో ఎక్కించింది ఇక మనది కాదురా" అనేవాడు.

బ్రహ్మాజీ గుట్టుగా చెప్పిన ఇదంతా విని సౌజన్య కళ్ళు పెద్దవి చేసి, దీని గురించి బ్లాగులో ఒక్క ముక్క రాయనని బ్రహ్మాజీ చేతిలో చెయ్యేసి చెప్పింది. మాట నిలబెట్టుకుంది కూడా. నిజంగానే ఒక్క ముక్క రాయలేదు.

ఫొటో పెట్టింది.

మాఘమాసం మొదట్లో ఒకరోజు మేనత్త ఇంట్లో బ్రహ్మాజీ కాలంత పొడుగు వంజరం చేప పడింది. అప్పుడే పొద్దు పొడుస్తోంది. గంగాధరరావు వద్దంటూనే కొడుకు ఫోనుతో ఒక ఫొటో తీశాడు. వేలు సగం అడ్డం పడింది, అయినా ఎంత బాగుందో. గులాబీరంగు ఎండ, వెండిలాంటి చేప, దాని వెనక చెవుల దాకా నవ్వుతున్న మొగుడు. అతను దాన్ని వాట్సాప్‌లో పంపితే సౌజన్య ఒప్పుకోలేదు. "ఫొటోలా పంపితే మసకబారుతుంది బావా. డాక్యుమెంటుగా పంపు, అసలుది అసలులాగే వస్తుంది." ఆ చిట్కా ఎన్ని చోట్ల చదివిందో, ఎంతమందికి చెప్పిందో. శుక్రవారం ఆరింటికి "మా ఆయనంత వంజరం" అన్న పేరుతో ఆ ఫొటో అసలు సైజులో వెలిగిపోయింది. టీ కూడా అప్పుడే పొంగింది.

తర్వాతి వారం, శనివారం, తెనాలిలో క్లాసు. సౌజన్యతో చదువుకున్న తేజస్వి ఇప్పుడు అక్కడ వెబ్‌సైట్లు చేస్తోంది. నెలకోసారి సౌజన్యలాంటి చిన్నచిన్న బ్లాగులవాళ్ళను, వీడియోలవాళ్ళను పిలిచి తెలిసినవి చెబుతుంది. ట్యూషన్ సెంటరు మేడమీద పదిమంది కూర్చున్నారు. కొల్లూరు నుంచి వెంకటప్పయ్య మాస్టారు వచ్చారు. రిటైరయ్యాక లంక కూరగాయల మీద బ్లాగు రాస్తున్నారు, వంకాయల మీద ఆయనకు ఉన్న గౌరవం ఇంకెవరికీ లేదు.

"ఈరోజు మన ఫొటోలు మనకు తెలీకుండా ఏం మోసుకుపోతాయో చూద్దాం" అంది తేజస్వి. "మాస్టారూ, మీ వంకాయ ఒకసారి ఇస్తారా?"

మాస్టారి బ్లాగులోంచి వంకాయ ఫొటో దింపి, దాని వివరాలు తెరిచింది. ఏ ఫోను, ఏ రోజు, ఎన్ని గంటలకు. కింద ఒక మ్యాపు, దాని మీద ఒక ఎర్రచుక్క. చుక్కను నొక్కి దగ్గరికి లాగితే కొల్లూరు, ఇంకా లాగితే ఒక వీధి, ఇంకా లాగితే ఒక పెంకుటిల్లు, దాని వెనక పెరడు.

"ఓరి దీని దుంపతెగ! అది మా నుయ్యి!" అని లేచి నిలబడ్డారు మాస్టారు. "అయితే మా వంకాయలు పోతున్నది ఇందుకేనా?"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా సౌజన్య నవ్వింది. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఇలా చోటు కూడా ఫొటోలో కూర్చుంటుందని, వాట్సాప్‌లో మామూలుగా పంపితే రాలిపోతుందని, డాక్యుమెంటుగా పంపితే మాత్రం అలాగే అంటుకుని ఉంటుందని, పెట్టే ముందు తీసెయ్యడం రెండు నొక్కుల పని అని తేజస్వి చెబుతూనే ఉంది. సౌజన్య నవ్వు సగంలో ఆగిపోయింది. బల్ల కింద ఫోను పెట్టుకుని, తన బ్లాగులోంచి వంజరాన్ని దింపి వివరాలు తెరిచింది.

మ్యాపంతా నీలం. ఊరు లేదు, వీధి లేదు. నీలం మధ్యలో ఎర్రచుక్క.

అక్కడికక్కడే ఫొటో తీసేసింది. మూడుసార్లు నొక్కితే కానీ పోలేదు. ఎంతమంది వచ్చారో చెప్పే పేజీ చూసింది. ఎనిమిది రోజుల్లో రెండు వందల ముప్పై. ఎక్కడివాళ్ళో కొంత చెబుతుంది, ఎవరో చెప్పదు. అందులో రేవువాళ్ళు ఎందరు? ఫొటో దింపుకున్నవాడు ఒక్కడున్నా చాలు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు వేలి చివర దాటివచ్చిన గుట్టు తన చేతుల్లో మూడు నెలలు నిలవలేదు.

తెనాలి స్టేషనులో ఆమె రెండు రైళ్ళ మధ్య నిలబడింది. ఒకటి రేపల్లె వెళ్ళేది, ఇంకోటి బాపట్ల మీదుగా పోయేది. బాపట్లలో దిగితే అమ్మ ఉంటుంది. ఫోను చేసింది.

"అమ్మా, నేను అటు వచ్చేయనా?"

"ఏంటే, గొంతలా ఉంది? అల్లుడేమన్నా అన్నాడా?"

"లేదు. నేనే ఒక తప్పు చేశాను. మావయ్యకు తెలిస్తే ఇక నా మొహం చూడరేమో."

"వస్తే రా తల్లీ, చేపల పులుసు కూడా ఉంది. కానీ మీ మావగారికి ఆ సంగతి ఎవరు చెప్తారు? ఊళ్ళోవాళ్ళా?"

సౌజన్య రేపల్లె రైలెక్కింది. రోజూ రాసుకునే ఇరవై వరుసలు ఆ రోజు రాయలేదు.

స్టేషను బయట బ్రహ్మాజీ బండి మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో వేడివేడి పల్లీల పొట్లం. అది చూసేసరికి ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది. బండెక్కకుండానే అంతా చెప్పేసింది. అతను పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాన్నకి నేను చెప్తాలే. ఫొటో పంపింది నేనేగా. లొకేషను ఆన్‌లో పెట్టుకుంది నేనేగా."

"డాక్యుమెంటుగా పంపమన్నది ఎవరు?"

"నువ్వు అడిగావు. ఇచ్చింది నేను."

"బ్లాగు నాది బావా. నేనే చెప్తాను. నువ్వు పక్కన నిలబడు చాలు."

"పక్కనే ఉంటా. కాస్త వెనకగా" అన్నాడు అతను. ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

గంగాధరరావు వాకిట్లో చాప మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. రత్తాలు చేటలో బియ్యం ఏరుతోంది. సౌజన్య ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మావయ్యా, ఒక తప్పు చేశాను."

"మళ్ళీ పులుసులో ఉప్పు రెండుసార్లు వేశావా?" అన్నాడు ఆయన తలెత్తకుండా.

"మేనత్తగారింటి అడ్రసు ఇచ్చేశాను."

వల మీద ఆయన చేతులు ఆగాయి. "ఎవరికి?"

"ఎవరికో తెలీదు. రెండు వందల ముప్పై మంది చూశారు."

ఆమె మొత్తం చెప్పింది, ఏదీ తగ్గించకుండా. చెబుతూనే బ్రహ్మాజీ ఫోనులో అసలు ఫొటో తెరిచి ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు లేకుండా ఫోనును చేయి చాపినంత దూరం పెట్టుకుని చూశాడు.

"ఇదేంటి, అంతా నీలంగా ఉంది?"

"సముద్రం అండి."

"ఈ చుక్క?"

"అదేనండి."

ఆయన ఎంతసేపు చూశాడంటే, ఫోను తనంతట తనే ఆరిపోయింది. దాన్ని కొడుకు చేతికిచ్చి, "రేపు ఎళ్దాం" అన్నాడు. మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు. తిట్టినా బాగుండేదని సౌజన్యకు అనిపించింది.

వంటింట్లో రత్తాలు సౌజన్యను పట్టుకుంది. "ముప్పై ఏళ్ళు కాపురం చేశాను పిల్లా. ఆ చోటు ఎటుందో నాకొక్కనాడు చెప్పలేదు ఆ మనిషి. మూడు నెలలకే తెలిసింది నీకు!"

"నాకే కాదత్తయ్యా, లోకానికంతా చెప్పాను. అదే కదా బాధ."

రత్తాలు ఆమె తల మీద ఒక చిన్న మొట్టికాయ వేసి, ఆ చేతిని అక్కడే ఉంచింది.

ఆదివారం తెల్లవారేసరికి మంచు. ఎదురింటి గోడ కూడా కనపడలేదు. వాళ్ళిద్దరూ అప్పటికే వెళ్ళిపోయారు. సౌజన్య టీ పెట్టింది, పొంగిపోయింది, తుడిచింది, మళ్ళీ పెట్టింది. తొమ్మిదయింది, పదకొండయింది. అక్కడ నాలుగు పడవలు నిలబడి ఉన్నట్టు, మావగారు దూరం నుంచే చూసి ఇంజను వెనక్కి తిప్పమన్నట్టు ఆమె కళ్ళకు కడుతూనే ఉంది. అత్తగారు ఏం చెబుతున్నా ఫోను పిండిడబ్బాకు ఆనించలేదు.

రెండింటికి బండి చప్పుడైంది. గంగాధరరావు ఎవరి వంకా చూడకుండా స్నానానికి వెళ్ళాడు. బ్రహ్మాజీ నూతి గట్టు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే సౌజన్య చెంబు పట్టుకుని నిలబడింది.

"చెప్పు బావా. ఎవరన్నా ఉన్నారా?"

"ఏం కనపడితే కదా చెప్పడానికి! నా కాళ్ళు నాకు కనపడలేదు. తాటిచెట్లూ లేవు, లైట్‌హౌసూ లేదు. గంటసేపు తిరిగాం. నాన్న అన్నాడు, తాళ్ళు ఎటూ రెండే ఉన్నాయిరా, మూడోది నిరుటి గాలికి పడిపోయింది, అప్పటినించీ అటూ ఇటూ తడుముకుంటూనే ఉన్నా అని. నాకెప్పుడూ చెప్పలేదు ఆ సంగతి."

"తర్వాత?"

"నీ ఎర్రచుక్క తియ్యరా అన్నాడు."

సౌజన్య చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు ఆమె కాళ్ళ మీదే పడ్డాయి.

"ఫోనుకు సిగ్నలు లేకపోయినా మనమెక్కడున్నామో నీలం చుక్కలా చూపిస్తది కదా. ఎర్రచుక్క ఇక్కడ, మనం ఇక్కడ. మెల్లగా, మెల్లగా పోనిచ్చాం. రెండూ కలిసినచోట నాన్న వల వేశాడు. అప్పుడు వినపడింది, ఇంకో ఇంజను. మన వైపే వస్తంది. నాన్న మన ఇంజను ఆపేశాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికొచ్చింది..."

"బావా!"

"దాటిపోయింది. దాని దారిన అది పోయింది. మన కోసం వచ్చిందో, దారి తప్పి వచ్చిందో." అతను వంగి సంచి తెరిచాడు. లోపల రెండు వంజరాలు, చిన్నవే, నీళ్ళలో మెరుస్తున్నాయి. "మేనత్త వట్టి చేతులతో పంపలేదు."

గంగాధరరావు అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చాప మీద కూర్చుని, అప్పుడు పిలిచాడు.

"సౌజన్యా, ఆ చుక్క చెరిపేశావా?"

"బ్లాగులో తీసేశానండి మావయ్యా. ఫోనులోది కూడా తీసేస్తాను, ఇప్పుడే."

"తియ్యకు." ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎవరన్నా చూసుంటే చూసుంటారు. వస్తే వస్తారు, మన చేతుల్లో లేదు. నా చేతుల్లో ఉందనుకున్నదే జారిపోతంది, తాటిచెట్లతో పాటు. బ్రహ్మాజీకి సరిగ్గా చూపించకుండానే నా కళ్ళు పోతయ్యేమోనని ఏడాదినించీ నిద్ర లేదు నాకు. దాన్ని ఎవరికీ కనపడకుండా దాచగలవా?"

"దాస్తానండి. నేను రాసినవన్నీ మూడు చోట్ల దాస్తాను, ఒకటి పోయినా ఇంకోటి ఉండేట్టు. తాళం వేసి. తాళం మాట, అదే పాస్‌వర్డు, మీరే చెప్పండి."

"మూడు చోట్లా?" ఆయన మొదటిసారి నవ్వాడు. "ఇన్నాళ్ళూ నాకు ఒక్క బుర్రే ఉండేది."

తాళం మాట ఆయన ఆమె చెవిలో చెప్పాడు. అది ఇక్కడ రాయడం కుదరదు. రత్తాలు గుమ్మంలో నిలబడి చూస్తోంది, కొంగు నోట్లో పెట్టుకుని. గంగాధరరావు ఫోను చేతిలో పట్టుకుని ఆమె వైపు తిరిగాడు.

"ఇట్రా. చూడు."

రత్తాలు వచ్చి ఆయన పక్కన కూర్చుంది. చుక్కను వేలితో ముట్టబోయి, చెరిగిపోతుందేమోనని వేలు వెనక్కి తీసుకుంది.

"ఇంత దగ్గరా?" అంది మెల్లగా. "నువ్వెళ్ళినప్పుడల్లా ఎక్కడో సముద్రం అవతలికి పోయావనుకునేదాన్ని. ఇంత దగ్గరే ఉంటే ముప్పై ఏళ్ళు ఊరికే భయపడ్డానే!"

ఫోను ఆరిపోబోతే గంగాధరరావు వేలితో తట్టి మళ్ళీ వెలిగించాడు, ఆమె ఇంకాసేపు చూసుకునేలా.

గురువారం మధ్యాహ్నం సౌజన్య కొత్త కబురు రాసింది. మేనత్తగారింటికి అరటిపళ్ళు, మల్లెపూలు పంపిన కొత్త కోడలి కథ. సముద్రం ఊసు లేదు, పడవ ఊసు లేదు. ఆ పూలసంచి ఫొటో ఒకటి. రెండు నొక్కులు నొక్కి చోటు తీసేసింది. వివరాలు తెరిచి పోయిందో లేదో చూసింది. వెనక నుంచి గంగాధరరావు వంగాడు.

"అడ్రసు తీశావా?"

"తీశానండి మావయ్యా."

"ఇంకోసారి చూడు."

ఇంకోసారి చూసింది. ఆ ఇంట్లో ఇప్పుడు అదొక అలవాటు. గురువారం ఆయన అడగాలి, ఆమె చూపించాలి, ఆ తర్వాతే శుక్రవారానికి టైము పెట్టాలి.

పొద్దున ఆరింటికి ఫోను గుర్రుమంది. టీ ఒక్క నిమిషం ఆలస్యంగా పొంగింది, సౌజన్య క్షమించేసింది. మొదటి కామెంటు కొల్లూరు వెంకటప్పయ్య మాస్టారిది. "చాలా బాగుందమ్మా. ఇంతకీ మీ మేనత్తగారిది ఏ ఊరు?"

ఆమె గ్లాసు అందిస్తూ ఆ ముక్క పైకి చదివింది. గంగాధరరావు టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"రేపల్లెకి దక్షిణంగా అని రాయమ్మా" అన్నాడు. "అబద్ధం కాదుగా."